మొదటి వంతు

పోయినేడు అందరికంటే అడుగున నిలిచాం గనక
ఈయేడు మొదటి పేరు పిలిచే వంతు మాది.
సోహార్‌లో ఓడిపోయినందుకు దక్కే
ఒకే ఒక్క బహుమతి అది.

గురువారం రాత్రి, పద్నాలుగో నంబరు గది.
ఆరు మంచాలు, పదకొండుమంది, ఒక్క ఏసీ,
అదీ దగ్గుతోంది.
సిమెంటు సంచి చింపి, లోపలి కాగితం పరిచి
కొత్తగా దిగినవాళ్ళ పేర్లు రాయించాడు కెప్టెన్ లచ్చన్న.
రాసింది నేనే. క్యాంపులో టైమ్‌కీపర్ని,
చేతిరాత బాగుంటుందని అన్నిటికీ నన్నే కూచోబెడతారు.

ఇరవై మూడు పేర్లు, ఆరు క్యాంపులు.
రేపు నమాజు అయ్యాక, పోర్టు రోడ్డు పక్క ఉప్పునేల మీద
వంతులవారీగా పిలుచుకోవాలి.
మొదటి పేరు పారేసుకుంటే
ఏడాదంతా మన బంతిని మనమే వెతుక్కోవాలి.

"రాజలింగును పిలువుండ్రి," అన్నాడు ముత్తెన్న.
"జగిత్యాల పోరడు, ఎడమచెయ్యి.
నిన్న నేను మూడో అంతస్తు స్కాఫోల్డింగు మీదున్న.
కింద నుంచి క్లాంపు ఇసిరిండు.
నేను చెయ్యి సాపనే లేదు,
అదే వచ్చి అరచేతుల కూసుంది."

"క్లాంపు విసిరేది వేరు, బంతి వేసేది వేరబ్బా,"
గంటె చేత్తోనే వంటగదిలోంచి వచ్చాడు రెడ్డిబాషా.
"ఓబులేసును తీసుకోండి. కీపరు.
నలభైకి దగ్గరపడినాడు, కాదనను.
పోయినేడు మనం ఓడింది బౌలింగుకా?
వదిలేసిన క్యాచీలకు కాదూ?"

వదిలేసినవాడి వైపు ఎవరూ చూడలేదు.
వాడు మాత్రం ఏసీ వైపు చూశాడు.

"ముసలెద్దు ఎన్నాళ్ళు దున్నుతది?"
"కోడె ఎన్నాళ్ళు కాడి కింద నిలబడతాది?"
వాదం పై మంచాలెక్కింది.
ఎవరో ఫోన్లో పోరడి వీడియో తెచ్చారు.
పద్నాలుగు సెకన్లు. కోసిన పసుపుచేను, పరుగు, చెయ్యి,
అంతే, దుమ్ము.
తొమ్మిదిసార్లు చూశాం.
బ్యాటు పట్టినవాడెవడో ఒక్కసారీ కనపడలేదు.
"అక్కడ మా మేనత్త నిలబడ్డా అవుటే," అన్నాడు రెడ్డిబాషా.

"మోకాళ్ళెట్లున్నయో సూసినవా ఓబులేసువి?"
"పళ్ళు గూడా లెక్కపెట్టుకో, పో."

నవ్వారు. తర్వాత ఎందుకో
గదిలో ఏసీ ఒక్కటే మాట్లాడింది.
ముంబైలో ఒక షెడ్డు గుర్తొచ్చింది నాకు.
చొక్కా విప్పించి, వీపు మీద సుద్దతో అంకె వేసి,
భుజం నొక్కి చూసి,
"ఇతను వద్దు, ఆ పక్కవాడు" అన్న గొంతు.
ఆ పక్కవాడు ముత్తెన్న.
నేను ఇంకో మూడు నెలలు ఆగి
కలం పట్టుకుని వచ్చాను.

ఇంకొకటి కూడా తెలుసు నాకు.
సాయంత్రం ఆఫీసులో నా వేళ్ళతోనే టైపు చేశాను
దుక్ముకు బదిలీ అయ్యేవాళ్ళ జాబితా.
ఏడో వరస, రాజలింగు.
మధ్యలో ఆరు శుక్రవారాలున్నాయి.
ఓబులేసు పేరు ఏ జాబితాలోనూ లేదు,
రెండేళ్ళు ఇక్కడే ఉంటాడు,
గోడలా, క్యాంపు గేటులా.

"నువ్వేమంటవ్ రాతగాడా?" అడిగాడు లచ్చన్న.
నోటిదాకా వచ్చింది దుక్ము.
"పోరడే," అన్నాను.
ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

మర్నాడు లచ్చన్న గొంతెత్తి ఆ పేరు పిలిస్తే
పోరడు వెనక్కి తిరిగి చూశాడు,
ఇంకో రాజలింగు ఎవరైనా ఉన్నాడేమోనని.
రెండో వంతు క్యాంపు కన్ను కూడా కొట్టకుండా
ఓబులేసును పట్టుకుపోయింది.
రెడ్డిబాషా నాతో మాట్లాడలేదు.

వెలుతురున్నంతసేపు ఒక ఆట అనుకున్నాం.
పోరడి మొదటి బంతి
ఎటో, సముద్రం వైపు పోయింది.
రెండోది నేను చూళ్ళేదు.
తల వంచుకుని పుస్తకంలో వైడు రాస్తున్నాను.
చప్పుడు విన్నాను,
వికెట్లని పెట్టుకున్న లబన్ డబ్బాల పెట్టె
వెనక్కి పడి దొర్లుతూ ఉన్న చప్పుడు.